ఇచ్చే చెయ్యి మనది కూడా కావాలి



ఊరికి కంపెనీవాళ్లు వచ్చి పిల్లలకు బ్యాగులు పంచితే చప్పట్లు కొడతాం. అది దయ కాదు, బాధ్యత. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. తాము పనిచేసే ప్రాంతానికే మొదటి ప్రాధాన్యం ఇవ్వాలి. అంతకుముందే, మన అనంతగిరి మండలం బొర్రా గనుల లీజులపై నడిచిన సమత కేసులో, 1997లో సుప్రీంకోర్టు ఇంకా పెద్ద మాట చెప్పింది: షెడ్యూల్డ్ ప్రాంతంలో గనులు తవ్వితే నికర లాభంలో కనీసం 20 శాతం నీళ్లకు, బడులకు, ఆసుపత్రులకు, రోడ్లకు పక్కన పెట్టాలని.

కాబట్టి బ్యాగులతో సరిపెట్టుకోకండి. ఊరికి ఏం కావాలో గ్రామసభలో తీర్మానం రాసి అడగండి.

అడిగే ముందు మనల్నీ అడుగుకోవాలి. నేను ఆశ్రమ పాఠశాల అన్నం తిని చదివాను. ఉద్యోగం వచ్చాక పదేళ్లు ఆ బడి గడప తొక్కలేదు. ఆ తప్పు మీరు చేయకండి. సెలవుకు వచ్చినప్పుడు పదో తరగతి పిల్లలకు రెండు లెక్కలు చెప్పండి, ఒక దరఖాస్తు నింపిపెట్టండి.

థింసాలో ఒక్కరు చెయ్యి వదిలినా వరుస తెగిపోతుంది. వదలకండి.

జై ఆదివాసీ!