జవ్వాది కొండలకు తోడుతో వెళ్దాం

వేలూరు దగ్గరి విరించిపురంలో, దారికి తోడుండే మార్గబంధు స్వామిని మొక్కి బయల్దేరే బాటసారులకు కొండ ఎక్కేటప్పుడు మాత్రం మనిషి తోడు కూడా కావాలి. 2018 మార్చిలో తేని జిల్లా కురంగణి అడవిలో కార్చిచ్చు ఇరవై మందికి పైగా ట్రెక్కర్లను పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాతే తమిళనాడులో నిబంధనలు బిగిశాయి. 2024 అక్టోబరులో ప్రభుత్వం 40 దారులతో 'ట్రెక్ తమిళనాడు' మొదలుపెట్టింది. ఆన్‌లైన్‌లో టికెట్టు తీసుకుంటే అడవి అంచు పల్లెల యువకులే గైడ్లుగా వెంట నడుస్తారు. కొండ ఆదాయం కొండవాళ్లకే చేరడం నాకు నచ్చిన సంగతి.

విరించిపురానికి దక్షిణాన జవ్వాది కొండలున్నాయి. అక్కడి గిరిజనులను మలయాళీలంటారు. కేరళవాళ్లనుకునేరు, మాట్లాడేది తమిళమే! వానాధారపు చెలకల్లో సామలు పండిస్తారు. వేడి సామన్నంలో పులుసు కలుపుకుని తింటే, ఎక్కిన అలసట దిగిపోతుంది. అక్కడే కావలూరులో, హైదరాబాదులో పెరిగిన శాస్త్రవేత్త వైను బప్పు పేరిట ఖగోళ పరిశోధనాలయం ఉంది. ఊళ్ల దీపాలకు దూరంగా చీకటి ఆకాశం దొరుకుతుందనే ఆయన ఈ చోటు ఎంచుకున్నారు.

ఎండాకాలంలో రాలిన ఆకు గలగలలాడేటప్పుడు నిప్పు భయంతో దారులు మూసేస్తారు. అనుమతి ఉందో లేదో ముందే కనుక్కోండి. బీడీ, అగ్గిపెట్టె ఇంట్లోనే పెట్టి రండి.