అంతా వయసు మీదికి నెట్టేయకండి



మారికుప్పంలో తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరు పనికి పోయి, చీకటి పడ్డాక గానీ ఇల్లు చేరని వాళ్లు మీలో చాలామంది. 2001 ఫిబ్రవరి 28న బంగారు గని మూతపడ్డాక కేజీఎఫ్‌లో ఎన్నో ఇళ్లు ఆ రైలు మీదే బతుకుతున్నాయి. మీరు వెళ్లాక ఇంట్లో మిగిలేది తాతయ్య, అమ్మమ్మ, వాళ్ల మాత్రల డబ్బా. ఈరోజు ఆ డబ్బా గురించి మాట్లాడుకుందాం.

పెద్దవాళ్లను పలకరించడానికి మేము ఇళ్లకు వెళ్తుంటాం. మంచం మీదనుంచి లేస్తే తూలుతోంది, పొయ్యి దగ్గర నిలబడలేకపోతోంది, ఆరాధనలో కునుకు తీస్తోంది, చెప్పిందే చెబుతోంది అంటారు ఇంట్లోవాళ్లు. వెంటనే, "వయసైపోయింది కదా" అని వాళ్లే తేల్చేస్తారు. వయసు కొంత కారణమే. గనిలో రాతిదుమ్ము పీల్చిన తాతయ్యల ఊపిరితిత్తుల సంగతి మీకు మేము చెప్పక్కర్లేదు. కానీ అంతా వయసే అనేస్తే ఇక అడగడానికి ఏమీ మిగలదు. మేము అడిగేది ఇదీ: ఈ మార్పు ఎప్పుడు మొదలైంది? దానికి కాస్త ముందు కొత్త మాత్ర ఏదైనా మొదలుపెట్టారా?

బీపీకి అమ్లోడిపిన్ ఇస్తారు. మంచి మందే, చవక కూడా. అయితే కొందరికి దానివల్ల కాళ్లు వాస్తాయి. ఆ వాపును ఇంకో డాక్టరుకు చూపిస్తే, అది వేరే జబ్బనుకుని నీరు దిగే మాత్ర రాయవచ్చు. ఆ మాత్ర సాయంత్రం వేసుకుంటే రాత్రంతా లేస్తూనే ఉండాలి. మంచం దిగి నిలబడగానే బీపీ పడిపోయి కళ్లు బైర్లు కమ్ముతాయి. మన లైన్ ఇళ్లలో చాలాచోట్ల మరుగుదొడ్డి బయటే. గడప దగ్గర పడితే తుంటి ఎముక విరుగుతుంది, మళ్లీ నడవడం కష్టం. 70 ఏళ్లు దాటినవాళ్లకు ఏడాదికి 5 లక్షల వరకు ఆసుపత్రి వైద్యాన్ని కేంద్రం 2024 అక్టోబరులో ప్రారంభించింది. సంతోషమే. కానీ అది ఆసుపత్రిలో చేరితే పనికొచ్చేది. పడకముందు కూర్చోబెట్టి ఆ మాత్రలన్నీ చూసేవాళ్లెవరు?

ఇక భాష. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, డాక్టరు దగ్గర కన్నడం, మాత్రల అట్ట మీద ఇంగ్లిషు. అమ్మమ్మ "కళ్లు బైర్లు కమ్ముతున్నాయి", "గుండె దడగా ఉంది", "అరికాళ్లు తిమ్మిరెక్కుతున్నాయి" అని మూడు వేరువేరు సంగతులు చెబుతుంది. తోడు వెళ్లినవాళ్లు మూడింటినీ కలిపి "వీక్‌నెస్ సార్" అంటారు. వీక్‌నెస్‌కు టానిక్ వస్తుంది. ఆ తిమ్మిరికి షుగరే కారణం కావచ్చు. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడటం వల్ల బి12 తగ్గడం కూడా కావచ్చు. దాన్ని రక్తపరీక్షలో పట్టుకోవచ్చు. కానీ ఆమె మాట ఆమె చెప్పినట్టు డాక్టరుకు చేరాలి కదా!

చదువుకున్న మీరు చేయగల పని ఇక్కడే ఉంది. ఇంట్లో ఉన్న మాత్రలన్నీ, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న నొప్పి మాత్రలు, జలుబు మాత్రలు, నాటు మందులతో సహా ఒక సంచిలో వేయండి. అట్ట మీద బ్రాండు పేరుతో పాటు మందు అసలు పేరూ ఉంటుంది, అది చదవండి. అమ్లాంగ్, స్టామ్లో పేర్లు వేరు, లోపలి మందు ఒకటే. ఇద్దరు డాక్టర్లు చెరొకటి రాస్తే అమ్మమ్మ రెండూ వేసుకుంటుంది. పాపం, చెప్పినట్టు వినడం ఆమె తప్పా? ఆ సంచి మొత్తాన్ని ఒకే డాక్టరు ముందు పెట్టండి. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి మూడు నిమిషాల్లోపు ఇంకోసారి బీపీ చూడమని అడగండి. పై అంకె 20 గానీ, అంతకంటే ఎక్కువ గానీ పడిపోతే ఆ తూలడానికి కారణం దొరికినట్టే. మీ అంతట మీరు మాత్ర ఏదీ ఆపకండి. బీపీ మాత్రలు, స్టెరాయిడ్లు, నిద్రమాత్రలు కొన్ని ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికి వస్తుంది.

ఉపవాస ప్రార్థన సంగతి కూడా చెప్పాలి. గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి షుగర్ మాత్రలు మనం తిన్నా తినకపోయినా పని చేస్తూనే ఉంటాయి. పొద్దున మాత్ర వేసుకుని మధ్యాహ్నం దాకా పస్తుంటే చెమటలు, వణుకు, మాట తడబాటు మొదలవుతాయి. ప్రార్థనలో ఆ వణుకును ఇంకోలా అర్థం చేసుకునేవాళ్లూ ఉన్నారు! అది షుగర్ పడిపోవడం కావచ్చు. తెలివిలో ఉంటే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించండి. తెలివి తప్పితే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

వచ్చే ఉపవాస కూడికకు ముందే ఈ విషయం పాస్టరుగారితో మేము మాట్లాడతాం. షుగర్ ఉన్న పెద్దలకు పదకొండు గంటలకు గంజి ఏర్పాటు చేయమని అడుగుతాం. కాచడానికి ఇద్దరు ముగ్గురు కావాలి. ఆ రోజు సెలవున్నవాళ్లు పేర్లు ఇవ్వండి.