ఇచ్చిన మూత్రపిండము – దానిని నిలిపే మాత్ర
(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



పాటలు, నృత్యాలు, భజనల మధ్య వైద్యం మాట ఎందుకని కొందరు అనుకోవచ్చు. డర్బన్ చుట్టుపక్కల మన కుటుంబాలలో చక్కెర వ్యాధిగాని, రక్తపు పోటుగాని తెలియని ఇల్లు అరుదు. ఈ రెండూ ఏళ్ళ తరబడి అదుపు తప్పితే మూత్రపిండాలు చెడిపోతాయి. ప్రభుత్వ ఆసుపత్రులలో డయాలిసిస్ యంత్రాలు తక్కువ. అవసరమైన వారందరికీ చోటు దొరకదు. అప్పుడు ఇంట్లో ఒక ప్రశ్న పుడుతుంది: ఎవరు ఇస్తారు? ఇచ్చినది నిలుస్తుందా? ఆ ప్రశ్న రాకముందే తెలుసుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. వాటిని మనవి చేయడానికే ఈ నాలుగు మాటలు.

మూత్రపిండము పిడికిలంత ఉంటుంది. రెండూ కలిసి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడపోసి, అందులో చాలా భాగం తిరిగి రక్తానికే ఇచ్చి, ఒకటి రెండు లీటర్లు మాత్రం మూత్రంగా బయటకు పంపుతాయి. ఆరోగ్యవంతుడికి ఒక్కటి ఉన్నా సరిపోతుంది. అందుకే బ్రతికి ఉన్న మనిషి ఒకటి ఇవ్వగలుగుతున్నాడు. కొత్తదాన్ని అమర్చేటప్పుడు పాతవాటిని తీసివేస్తారని చాలామంది అనుకుంటారు. సాధారణంగా వాటిని అలాగే ఉంచి, కొత్తదాన్ని పొత్తికడుపులో ఒక ప్రక్కన పెడతారు.

రక్తనాళాలను కుట్టే విద్య ఇరవయ్యవ శతాబ్దపు తొలి ఏళ్ళలోనే వచ్చింది. దానికి బాట వేసిన అలెక్సిస్ కారెల్ 1912లో నోబెల్ బహుమతి అందుకున్నారు. 1933లో ఉక్రెయిన్‌లో వొరొనోయ్ అనే వైద్యుడు చనిపోయిన మనిషి మూత్రపిండాన్ని ఒక రోగికి అమర్చారు. రెండు రోజులలో ఆ రోగి చనిపోయింది. చేతి నేర్పు ఉన్నా పని నెరవేరకపోవడానికి కారణమేమిటి?

మన రక్తంలోని తెల్లకణాలు ఇంటి కాపలావారి వంటివి. తనవారెవరో, పరాయివారెవరో అవి గుర్తుపడతాయి. రోగక్రిములను చంపి మనలను కాపాడేది ఆ గుర్తే. కాని ప్రాణం నిలపడానికి వచ్చిన మూత్రపిండము కూడా వాటి కంటికి పరాయిదే. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, కాలిన గాయాలకు వేసిన పరాయి చర్మం ఎందుకు రాలిపోతున్నదో పరిశోధించి, పీటర్ మెడవార్ ఈ రహస్యాన్ని బయటపెట్టారు. 1960లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

1954 డిసెంబరు 23న బోస్టన్‌లో జోసెఫ్ మర్రే, రోనాల్డ్ హెరిక్ మూత్రపిండాన్ని అతని కవల సోదరుడు రిచర్డ్‌కు అమర్చారు. వారు అచ్చంగా ఒకే పోలిక కవలలు గనుక కాపలావారికి పరాయితనం కనిపించలేదు. రిచర్డ్ మరి ఎనిమిదేళ్ళు బ్రతికాడు. కాని కవల సోదరుడు ఎందరికి ఉంటాడు? సొంత అన్నదమ్ములలో, అక్కచెల్లెళ్ళలో కూడా కణజాలం పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒక వంతు మాత్రమే. మిగిలినవారి దారి ఏమిటి? ఆ దారిని కత్తి చూపలేదు, మందు చూపింది.

అమెరికాలో జార్జి హిచింగ్స్, గెర్ట్రూడ్ ఎలియన్ అనే ఇద్దరు ఒక ఉపాయం పన్నారు. కణాలు పెరిగి రెండు కావాలంటే వాటికి ప్యూరిన్ అనే సరుకు కావాలి. చూపుకు అలాగే ఉండే నకిలీ సరుకు అందిస్తే కణం దాన్ని తీసుకుని, పెరగలేక ఆగిపోతుంది. అలా తయారైనవే 6-మెర్కాప్టోప్యూరిన్, తరువాత అజాథయోప్రిన్. బ్రిటనుకు చెందిన రాయ్ కాన్ 1960లో మొదటి మందును కుక్కలలో పరీక్షించారు. 1962లో మర్రే అజాథయోప్రిన్ ఇచ్చి, రక్తసంబంధం లేని, చనిపోయిన మనిషి మూత్రపిండాన్ని అమర్చగా అది ఏడాదికి పైగా పనిచేసింది. 1963లో థామస్ స్టార్జల్ దానికి ప్రెడ్నిసోన్ అనే స్టీరాయిడ్ జతచేసి ఇంకా మంచి ఫలితాలు చూపారు. హిచింగ్స్, ఎలియన్‌లకు 1988లో నోబెల్ బహుమతి వచ్చింది. ఎలియన్ డాక్టరేటు చదువు పూర్తిచేసే వీలు లేకుండానే ఇంత పని సాధించిందని మన ఆడపిల్లలకు చెప్పదలిచాము.

ఇక్కడ మన భీమవరం బిడ్డను తలచుకోవాలి. హిచింగ్స్ హార్వర్డులో ఫిస్కే అనే ఆచార్యుని వద్ద చదువుకున్నారు. అదే ఫిస్కేతో కలిసి ఆ రోజులలో పనిచేసినవారు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారు. తరువాత లెడర్లే సంస్థలో సుబ్బారావుగారి బృందం ఇదే మాదిరి ఉపాయంతో ఫోలిక్ ఆమ్లానికి నకిలీలు తయారుచేసింది. వాటిలో ఒకటైన మెథోట్రెక్సేట్ నేటికీ క్యాన్సరులోను, కీళ్ళవాతంలోను వాడుకలో ఉన్నది.

ఆ తరువాతి మందులు మట్టిలో దొరికాయి. నార్వే దేశపు ఎత్తైన పీఠభూమి నుంచి తెచ్చిన మట్టిలోని బూజు నుంచి సైక్లోస్పోరిన్ వచ్చింది. స్విట్జర్లాండులో 1972లో దాని గుణం తెలిసింది. 1978లో కాన్ దానిని రోగులకు ఇచ్చారు. 1983లో అమెరికాలో అనుమతి లభించింది. 1984లో జపాన్‌లోని త్సుకుబా మట్టిలో టాక్రోలిమస్ దొరికింది. ఈనాడు చాలామంది వాడేది ఇదే. దీనికి తోడుగా మైకోఫినోలేట్, కొద్దిగా స్టీరాయిడ్ ఇస్తారు. ఈ మందుల చలవ వలన పోలిక సరిగా కుదరకపోయినా భార్య భర్తకు, స్నేహితుడు స్నేహితునికి ఇవ్వగలుగుతున్నారు.

అయితే కాపలావారిని నిద్రపుచ్చితే దొంగ కూడా లోపలికి వస్తాడు. ఈ పాఠం మన దేశంలోనే ప్రపంచమంతా చూసింది. 1967 డిసెంబరు 3న కేప్ టౌన్‌లో క్రిస్టియాన్ బర్నార్డ్ తొలిసారిగా మనిషి గుండెను మార్చారు. గుండె బాగానే కొట్టుకున్నది. అయినా లూయీ వాష్కాన్‌స్కీ పద్దెనిమిదవ రోజున న్యుమోనియాతో మరణించారు. గుండె ఇచ్చిన డెనీస్ డార్వాల్ తెల్లజాతి యువతి. ఆమె మూత్రపిండాన్ని తెల్లజాతివాడు కాని పదేళ్ళ బాలునికి అమర్చారు. బస్సులో బల్ల మీద కూడా జాతి పేరు రాసి ఉన్న రోజులవి. చట్టం గుర్తించిన పరాయితనం వేరు, తెల్లకణాలు గుర్తించే పరాయితనం వేరు అని ఆనాడు ఆపరేషన్ బల్ల మీద తేలిపోయింది.

ఇక ఇంటి సంగతులు. కొత్త మూత్రపిండము పనిచేస్తున్నంతకాలము మాత్ర మానరాదు. "ఒంట్లో బాగానే ఉంది కదా, ఇంకా మందులెందుకు" అనే మాట చాలా ప్రమాదము. బాగుండడానికి కారణం ఆ మాత్రే. శరీరం దానిని తిరస్కరించడం మొదలుపెట్టినప్పుడు తరచు నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగితేనే తెలుస్తుంది. పురటాసి శనివారాల ఉపవాసమున్నా మాత్ర వేళకు వేసుకోవాలి. టాక్రోలిమస్ మోతాదు చూడడానికి రక్తమిచ్చే ఉదయం, రక్తం ఇచ్చిన తరువాతనే ఆ మాత్ర వేసుకోవాలి. పంపరపనస జాతికి చెందిన గ్రేప్‌ఫ్రూట్ తింటే మందు రక్తంలో మితిమీరుతుంది. ఆకు మందులు, వేరు మందులు డాక్టరుతో చెప్పకుండా తీసుకోరాదు. మందుల వలన చక్కెర, రక్తపు పోటు పెరగవచ్చు, చేతులు వణకవచ్చు, స్టీరాయిడ్‌తో ముఖం ఉబ్బవచ్చు. ఇవి కనిపిస్తే మాత్ర ఆపవద్దు, డాక్టరుతో చెప్పండి. ఆయన మోతాదు మార్చగలరు. క్షయ ఎక్కువగా ఉన్న దేశం మనది. వదలని దగ్గును, చిన్న జ్వరాన్ని కూడా అలక్ష్యం చేయరాదు.

ఇచ్చేవారి గురించి కూడా ఒక మాట. "భార్య కదా, ఇవ్వదా?" "చిన్నవాడు, పెళ్ళి కాలేదు, వాడే ఇవ్వాలి" అని పెద్దలు తీర్పు చెప్పడం న్యాయం కాదు. బలవంతం మీద ఇచ్చినది దానం కాదు. ఇవ్వలేనన్న వారిని నిందించరాదు. ఇచ్చినవారిని మరువరాదు, వారికీ ఏటేటా రక్తపు పోటు, మూత్రం పరీక్షించాలి. అంగాల అమ్మకం ఈ దేశంలో నేరం. 2003లో మన డర్బన్‌లోనే అట్టి వ్యాపారం బయటపడింది. పేదవాడి కడుపు కోసి ధనవంతుడికి అమ్మిన కథ అది.

మరణానంతరం ఇవ్వదలచినవారు పేరు నమోదు చేసుకుంటే చాలదు. ఆ గడియలో ఆసుపత్రివారు అడిగేది ఇంటివారినే. ఏడుస్తున్న ఇంట్లో ఆ ప్రశ్న మొదటిసారి వినబడితే జవాబు రాదు. కనుక మేము కోరేది ఒక్కటే. ఈ వారం భోజనాల దగ్గర కూర్చున్నప్పుడు మీ మనసులోని మాట మీవారితో చెప్పండి. వారి మాట వినండి. ఇప్పటికే ఒకరి దానంతో బ్రతుకుతున్నవారు మీ ఇంట ఉంటే, రాత్రి మాత్ర వేసుకున్నారా అని అడగండి.