మందు దానమా, వంతా?

(ఒక పఠనమందిరమున చేసిన ఉపన్యాసపాఠము)



పత్తిచేను నెఱిగిన ఈ సభకు ఒక పాత సంగతి జ్ఞాపకము చేయుచున్నాను. బీటీ పత్తివిత్తనము మన సీమకు వచ్చిన తొలి యేండ్లలో 450 గ్రాముల పొట్లము వెల 1,600 రూపాయలు దాటియుండెను. అందు పెద్దపాలు గింజకు గాదు, గింజలోని విద్యకు చెల్లించు రుసుము. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము గుత్తవ్యాపార నిరోధక కమిషను నాశ్రయించిన పిదపనే, 2006లో ఆ వెల 750 రూపాయలకు దిగినది. విద్య ఒకరి పెట్టెలో చిక్కినపుడు వెల యెట్లు పెరుగునో మన రైతునకు వేఱొకరు బోధింప నక్కఱలేదు. చేనికి విత్తన మెట్టిదో రోగికి మందట్టిది. భేద మొక్కటే: విత్తనము లేనివాడు పంటను కోల్పోవును, మందు లేనివాడు ప్రాణమునే కోల్పోవును.

ఈ సత్యమును మన దేశము ముందే గ్రహించినది. 1970 నాటి పేటెంట్ల చట్టము మందునకు గాక, మందు చేయు విధానమునకు మాత్రమే హక్కు నిచ్చెను. ఆ నీడలోనే మన ఔషధ పరిశ్రమ పెరిగినది. తాడేపల్లిలో పసుపురైతు ఇంట జన్మించిన కల్లం అంజిరెడ్డిగారు 1984లో డాక్టర్ రెడ్డీస్ సంస్థను స్థాపించిరి. హెపటైటిస్ బీ టీకా విద్యను పరదేశ సంస్థ ఈయ నిరాకరింపగా, వరప్రసాదరెడ్డిగారు ఒమన్ నుండి మూలధనము తెచ్చి, 1997లో హైదరాబాదు శాంతా బయోటెక్నిక్స్ నుండి ఆ టీకాను చౌకగా వెలువరించిరి. కాని 2005లో ప్రపంచ వాణిజ్య ఒప్పందమునకు లోబడి మన చట్టము మాఱినది. మందునకే మరల పేటెంటు వచ్చినది.

అంతట కోవిడ్ వచ్చెను. 2020 అక్టోబరు 2న భారతదేశమును దక్షిణాఫ్రికాయు ప్రపంచ వాణిజ్య సంస్థ నొక్కటి కోరినవి: మహమ్మారి తగ్గువఱకు కోవిడ్ మందులపై, టీకాలపై ఈ హక్కులను నిలిపివేయుడని. ఇరువది నెలలు తర్కము జరిగెను. 2022 జూన్ 17న వచ్చిన తీర్మానము టీకాల పేటెంట్లకే పరిమితము. ఇల్లు కాలిన పిదప నీళ్లు తెచ్చినట్లాయెను.

పరుల తప్పును చెప్పి మన తప్పును దాచుట న్యాయమా? 2021 జనవరిలో మనము టీకాలను అన్యదేశములకు పంపితిమి, లోకము మెచ్చినది. రెండవ వెల్లువ ముంచుకొని రాగానే ఎగుమతులు ఆపితిమి. మన శ్మశానములు నిండుచుండ మఱి యేమి చేయగలమని యందురు, నిజమే. కాని పుణె టీకాలపై ఆశ పెట్టుకొనిన ఆఫ్రికా దేశముల వైద్యసేవకులు కూడ అప్పుడే ప్రాణభయముతో ఎదురుచూచుచుండిరి. దాత మనస్సు పైనను, దాత ఇంటి కష్టము పైనను ఆధారపడిన సహాయము ఆపదలో నిలువదని ఇందువలన తేలినది.

మార్గము లేకపోలేదు. టెక్సాస్ శాస్త్రజ్ఞులు పేటెంటు కోరక ఇచ్చిన విద్యతో హైదరాబాదు బయొలాజికల్ ఈ సంస్థ కార్బెవాక్స్ టీకాను చేయగా, 2021 డిసెంబరులో దానికి అనుమతి లభించెను. విద్యను పంచినచో అనేక స్థలముల టీకా పుట్టును. ఒక తలుపు మూసినను లోకము పస్తుండదు.

2025 మే 20న ప్రపంచ ఆరోగ్యసభ మహమ్మారి ఒడంబడికను ఆమోదించెను. అందు పాలుగొను ఉత్పత్తిదారులు మహమ్మారి కాలమున తమ ఉత్పత్తిలో 20 శాతమును ప్రపంచ ఆరోగ్య సంస్థకు అందింపవలెననియు, ఉత్పత్తిలో కనీసము 10 శాతము ఉచితముగ నుండవలెననియు లక్ష్యము పెట్టిరి. పంపకపు విధానమును నిర్ణయించు అనుబంధమును మాత్రము పిమ్మటి చర్చలకు విడిచిరి. అసలు పరీక్ష అచ్చటనే కలదు.

సాగరు కుడికాలువ క్రింది రైతులారా! కాలువ యెండిన నాడు వంతులు కుదురునా? మొదటి చేనివాడు తూము వదలునా? నీరు నిండుగ నున్నప్పుడే వంతులు వ్రాసికొనవలెను; చివరి భూములకు నీరు ఎగువవాని దయ గాక హక్కు కావలెను. మందుల విషయమున మనము కొన్నిట చివరి భూమివారము, కొన్నిట తూముకడ వారము. కావున మనము కోరెడి నియమము మనలను గూడ కట్టునది కావలెను. చేయి చాచినప్పుడు ధర్మము పలికి, తాళపుచెవి చేత నున్నప్పుడు మఱచువాని మాట లోకము వినదు.