నీటిపై పొర కట్టే కలరా క్రిమి

పచ్చి పాలను కదపకుండా ఉంచితే వెన్నపదార్థం పైకి చేరుతుంది. తేలిక గనుక తేలుతుంది. అందులో దాని ప్రయత్నమేమీ లేదు. నిలవ ద్రవంపై బాక్టీరియా కట్టే పొర అటువంటిది కాదని శ్రోతలు గమనించాలి. బాక్టీరియా నీటికంటె కొద్దిగా బరువైనవి. అవి పైకి రావాలంటే ఈదాలి. పైన నిలవాలంటే ఒకదానినొకటి అంటిపెట్టుకోవాలి.

ఇందుకు కలరా క్రిమి చక్కని ఉదాహరణ. 1884లో రాబర్ట్ కోచ్ కలకత్తాలో దీనిని రోగుల పేగులలోనే కాక ఒక చెరువు నీటిలోనూ గుర్తించాడు. కామావలె వంగిన ఈ జీవి పొడవు సుమారు 2 మైక్రాన్లు, అనగా మిల్లీమీటరులో ఐదువందలవ వంతు. ఒక కొనన ఒకే ఒక కశాభం ఉంటుంది. సోడియం అయానుల ప్రవాహం దానిని తిప్పుతుంది. ప్రాణవాయువు నీటి ఉపరితలం వద్ద అధికం గనుక క్రిమి అటు ఈదుతుంది. ప్రయోగశాలలు ఈ గుణాన్నే ఆసరా చేసుకొన్నాయి. క్షారగుణంగల పెప్టోన్ ద్రవంలో రోగి మలాన్ని కలిపి, ఆరేడు గంటల తరువాత పైభాగం నుంచే నమూనా తీస్తారు. దొంగ వచ్చే దారి తెలిసి కాపు కాయడమన్నమాట!

ఈత తరువాతి ఘట్టం అతుకు. కణదేహంపై ఉన్న సన్నని ప్రోటీను పోగులు మొదట ఆధారాన్ని తడుముతాయి. కణంలో సైక్లిక్ డై-జి.ఎం.పి. అనే సంకేత పదార్థం పెరుగుతుంది. దానితో కశాభ నిర్మాణం మందగిస్తుంది. చక్కెరలతో కూడిన జిగురు, దానిని బిగించే ప్రోటీనులు వెలువడతాయి. ఆ జిగురులో కణాలు అల్లుకొని, ముడతలు పడిన పొరగా ద్రవాన్ని కప్పుతాయి. క్లోరిన్ సైతం ఆ జిగురును దాటి లోపలి కణాలను చేరడం కష్టం.

చెరువులో ఈ అతుకు గుణానికి మరొక ఆధారం దొరుకుతుంది. కోపిపాడ్ అనే, రొయ్యకు దూరపు చుట్టమైన అతి చిన్న ప్రాణి పెంకుపై క్రిములు గుంపులుగా నివసిస్తాయి. బంగ్లాదేశ్‌లోని మత్లబ్ ప్రాంతంలో రీటా కాల్వెల్ బృందం 65 గ్రామాలలో పరిశీలన జరిపి, 2003లో ఫలితాలను ప్రకటించింది. పాత చీరను కనీసం నాలుగు మడతలు వేసి నీరు వడకట్టుకొన్న వారిలో, వడకట్టని వారికంటె కలరా 48 శాతం తగ్గింది. ఆ మడతల రంధ్రం సుమారు 20 మైక్రాన్లు. ఒంటరి క్రిమి దానిలోనుంచి సులువుగా జారిపోతుంది. చీర పట్టుకొన్నది క్రిమిని కాదు, అది ఎక్కిన వాహనాన్ని. కొత్త చీరకంటె పాతది మేలు. ఉతికి ఉతికి దారాలు నూగెత్తడం వల్ల రంధ్రాలు ఇరుకవుతాయి.

నీరు కాచడం ఇంతకంటె శ్రేష్ఠమే. కాని వంటచెరకు కొరతగా ఉన్న ఇళ్లకోసమే ఈ ఉపాయం పుట్టింది. వాడిన గుడ్డను మాత్రం జాడించి, ఎండలో బాగా ఆరవేయాలి. మడతల నడుమ చిక్కిన క్రిములు ఇంకా బ్రతికే ఉంటాయి.