అమ్మ చిల్లర తప్పిన రోజు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇంజనీరింగు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు మన కార్యదర్శి. నేను మా అమ్మ గురించి చెబుతాను, మన్నించండి.

అమ్మ నలభై ఏళ్లు ఫిషింగ్ హార్బర్‌లో చేపలమ్మింది. తెల్లవారకముందే జెట్టీ మీద వేలంలో సరుకు పాడుకుని, తట్ట నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగేది. నా స్కూలు ఫీజు ఆ తట్టలోదే. బడి ముఖం చూడలేదు గాని, లెక్కలో పైసా తప్పేది కాదు. ముసలితనంలో తట్ట దించేశాక కూడా ఇంటి అరుగు మీద ఎండుచేపలు అమ్మేది.

ఎనభయ్యో ఏట చిల్లర తప్పింది. ముందు గమనించింది మా వదిన. "బాబూ, అత్త వంద నోటికి నూటయాభై తిరిగిచ్చేస్తంది" అని ఫోను చేసింది. "వయసు కదా వదినా" అన్నాను. రెండేళ్లలో మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ నాది అదే జవాబు. ప్లాంటులో ఒక బేరింగు కాస్త వేడెక్కితే ఎందుకని పదిమందిని అడిగేవాణ్ణి. అమ్మ గురించి ఒక్కరినీ అడగలేదు.

ఒక రాత్రి రెండింటికి, వేలానికి వేళయిందని అమ్మ ఒక్కతే బయల్దేరింది. దారిలో పడి తుంటి ఎముక విరిగింది. అవి వేట నిషేధం రోజులు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్లు వేటకు వెళ్లవు. ఆ సంగతి హార్బర్‌లో చిన్నపిల్లలకీ తెలుసు. అమ్మకు తెలియలేదు. అప్పుడు గాని నాకు తెలిసిరాలేదు.

డాక్టరుగారు అమ్మను తేదీ అడిగి ఆగిపోలేదు. చదువు రానివాళ్లు కాగితం పరీక్షలో తప్పినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదన్నారు. "ఇదివరకు చేసుకునే పనుల్లో ఇప్పుడు ఏవి చేసుకోలేకపోతున్నారు?" అని మమ్మల్ని అడిగారు. అన్నిటికీ వదినే జవాబు చెప్పింది. నేను గోడ చూస్తూ నిలబడ్డాను.

1963లో అమెరికా వైద్యుడు సిడ్నీ కాట్జ్ బృందం ఇందుకు ఆరు పనుల పట్టిక ఇచ్చింది: స్నానం, బట్టలు కట్టుకోవడం, మరుగుదొడ్డికి వెళ్లడం, మంచం మీంచి లేవడం, మలమూత్రాల అదుపు, తిండి తినడం. వీటికంటే ముందే డబ్బు లెక్క, మందులు వేసుకోవడం, వంట వంటివి తప్పడం మొదలవుతుంది. అమ్మ చిల్లర అదే.

మతిమరుపంతా డిమెన్షియా కాదు. బి12 లోపం, థైరాయిడ్, దిగులు, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, మందుల వల్ల సుగర్ మరీ పడిపోవడం కూడా మనిషిని తికమక పెడతాయి. వీటికి వైద్యం ఉంది. అందుకే ముందుగా చూపించాలి. 2023లో వెలువడిన ఒక జాతీయ అధ్యయనం ప్రకారం మన దేశంలో అరవై దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి, డిమెన్షియా ఉంది. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగులను పరిశీలించి 2013లో ఒక సంగతి చెప్పింది. ఒకే భాష వచ్చినవారికంటే రెండు భాషలు మాట్లాడేవారిలో జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడింది. చదువు రానివారిలోనూ ఆ ఆలస్యం కనిపించింది. అది వాయిదాయే గాని మినహాయింపు కాదు. అమ్మకు బేరగాళ్లతో ఒడియా కూడా వచ్చేది.

ఇంట్లో ఇప్పుడు స్నానాలగదిలో పట్టుకునే కడ్డీ ఉంది, రాత్రంతా దీపం ఉంది, జారే చాపలు లేవు. బీపీ, సుగర్ మాత్రలు ఈ వయసుకు తగ్గట్టు డాక్టరుగారే సరిచేశారు. ఆదివారం అమ్మ పని నాది, సెలవు వదినది. "ఏ ఊరు నాయనా నీది?" అని అడుగుతుంది అమ్మ. నెత్తళ్లు ముందు పెడితే మాత్రం నాకంటే వేగంగా తలలు గిల్లేస్తుంది.

మిత్రులారా, మనకు పాఠాలు చెప్పిన మాస్టార్లు, టీచర్లు కొందరు ఎనభై దాటారు. ఒక్కో బ్యాచి ఇద్దరు గురువుల ఇళ్లకు నెలకోసారి వెళ్దాం. శాలువాలు వద్దు. ఆ ఆరు పనుల గురించి అడుగుదాం. వారిని చూసుకుంటున్న కోడలినో కూతురినో ముందుగా పలకరించి, ఆమె చెప్పింది విందాం. సాయం కావలసినచోట వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 నంబరు రాసిచ్చి వద్దాం.

మా వదిన మూడుసార్లు చెప్పింది. మీ ఇంట్లో ఎవరైనా చెబితే మొదటిసారే వినండి.