అయిదు నెలల పరదేశవాసం

దాళ్వా కోతలు ముగిసి ధాన్యం మిల్లులకు చేరుతున్న రోజులవి. రామచంద్రపురంలో మా వీధిలోనే కాపురమున్న రైతు ఒకరు ఒకనాటి సాయంకాలం మా ఇంటికి వచ్చినారు. ఆయన కుమార్తె ఇంజనీరింగు చదువుతున్నది. ఒక సెమిస్టరు జర్మనీలో చదివి వచ్చే అవకాశానికి కళాశాలవారు ఆ అమ్మాయిని ఎంపిక చేసినారట.

"పూర్తి చదువుకైతే పొలం తాకట్టు పెట్టయినా పంపుతానండి, మాస్టారూ! అయిదు నెలల కోసం అంత ఖర్చు దేనికండి? అయిదు నెలల్లో ఏం నేర్చుకొస్తుందండి?" అని ఆయన ప్రశ్న. వెంట వచ్చిన ఆయన తల్లిగారు, "అది కాదండి బాబూ, వెళ్ళిన పిల్ల తిరిగొస్తుందా, ముందు అది చెప్పండి" అన్నారు.

ఈ రెండు ప్రశ్నలూ ఈనాడు మన డెల్టాలో అనేక గృహాలలో వినవచ్చేవే. వాటికి నాకు తోచిన సమాధానం చెప్పడమే ఈ ప్రసంగంలో నా ఉద్దేశం.

మొదట ఈ ఏర్పాటు ఎట్టిదో తెలుసుకొందాము. దీనిని విద్యార్థుల వినిమయం అంటారు. రెండు విశ్వవిద్యాలయాలు ఒడంబడిక చేసుకొంటవి. ఇక్కడివారు అక్కడికి వెళతారు; అక్కడివారు ఇక్కడికి వస్తారు. సాధారణంగా ఎవరి ఫీజు వారు తమ సొంత విద్యాలయానికే చెల్లిస్తారు. పట్టా ఇచ్చేదీ ఆ సొంత విద్యాలయమే. విమానపు చార్జీ, బస, భోజనం, వీసా, ఆరోగ్య బీమా మాత్రం విద్యార్థి పెట్టుకోవలె. కొన్ని చోట్ల ఉపకార వేతనం కూడ లభిస్తుంది.

ఇది నిన్న మొన్న పుట్టిన పద్ధతి కాదు. 1923లో అమెరికాలోని డెలావేర్ విశ్వవిద్యాలయం ఎనిమిదిమంది విద్యార్థులను ఒక సంవత్సరం చదువుకై ఫ్రాన్సు దేశానికి పంపి, ఆ చదువును తమ పట్టాలో జమ కట్టింది. 1987లో ఐరోపా దేశాలు ఎరాస్మస్ అనే పేర ఇట్టి పథకాన్నే ఆరంభించినవి. మొదటి సంవత్సరం 11 దేశాలనుండి 3,244 మంది మాత్రమే వెళ్ళినారు. తరువాత ఆ సంఖ్య లక్షలకు పెరిగింది. మన హైదరాబాదు విశ్వవిద్యాలయానికి కూడ 1998నుండి విదేశీయులు ఈ విధంగానే వచ్చి, ఒక సెమిస్టరు చదివి వెళ్ళడం జరుగుతున్నది. కనుక ఈ బాట ఒకవైపు మాత్రమే నడిచే బాట కాదు.

ఆ 1923వ సంవత్సరంలోనే మన గోదావరి సీమవాసి ఒకరు విదేశయాత్ర చేసినారు. ఆయన యల్లాప్రగడ సుబ్బారావుగారు. భీమవరంలో జన్మించి, రాజమహేంద్రవరంలో చదివి, మద్రాసులో వైద్యవిద్య ముగించి, ఆ సంవత్సరం అక్టోబరులో బోస్టన్ నగరం చేరుకొన్నారు. మనకు సమీపంలోని అనపర్తి ఆయన అత్తవారి ఊరు. ప్రయాణానికి మామగారు ధనసహాయం చేసినారు. అక్కడ ఆయనకు ఆధారమైన ఒడంబడిక ఏదీ లేదు. పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట సేవకుడి పని చేస్తూ, పగలు చదువుకొన్నారు. 1925లో ఫిస్కె అనే శాస్త్రజ్ఞునితో కలిసి, శరీరంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించినారు. 1948లో లోకానికి తెలిసిన ఆరియోమైసిన్ అనే ఔషధం ఆయన నాయకత్వంలో జరిగిన పరిశోధనల ఫలమే. అదే సంవత్సరం ఆగస్టులో ఆయన కన్నుమూసినారు. పాతికేళ్ళలో ఒక్కసారియైనా స్వదేశానికి రాలేకపోయినారు. భార్య శేషగిరిగారు ఇక్కడే ఉండిపోయినారు.

లోకానికి ఆ ప్రయాణంవల్ల కలిగిన మేలు అపారం. అయినా దాని మూల్యంలో కొంత భాగం ఇక్కడి ఒక ఇల్లు చెల్లించింది. కాబట్టి ఆ పెద్దావిడ భయాన్ని నేను తేలికగా తీసివేయలేను. అయితే వినిమయానికి ఒక విశేషం ఉన్నది. తిరిగి రావడం అందులో అంతర్భాగం. తిరిగి వచ్చి ఇక్కడ పరీక్షలు పూర్తి చేస్తేనే పట్టా చేతికి వస్తుంది.

ఇక తండ్రిగారి ప్రశ్న. దీనికి మా పొరుగు గ్రామపు కుర్రవాని అనుభవం చెపుతాను. అతడు కొన్నేళ్ళ క్రితం జర్మనీలోనే ఒక సెమిస్టరు చదివి వచ్చినాడు. అక్కడి శీతకాలపు సెమిస్టరు అక్టోబరులో మొదలై, పాఠాలు ఫిబ్రవరి నడిమివరకు సాగుతవి. ఇక్కడేమో జూలై ప్రాంతంలో మొదలైన సెమిస్టరు మధ్యలో ఉంటుంది. అతడు తిరిగి వచ్చేసరికి రెండవది సగం గడిచింది. పైగా, అక్కడ చదివిన విషయాలలో రెండింటిని ఇక్కడ జమకట్టలేదు. మాటమీద నమ్మి వెళ్ళినాడే గాని, ఏ పాఠానికి ఏ పాఠం సరిపోతుందో ముందుగా కాగితంమీద వ్రాయించుకోలేదు. ఆ రెండు పరీక్షలూ తనకంటె చిన్న తరగతివారితో కూర్చుని వ్రాయవలసి వచ్చింది.

నష్టపోయినావా అని అడిగినాను. "ఆ రెండు పేపర్ల మాట నిజమేనండి మాస్టారూ, కానీ ఒకటి చెప్పాలండి" అని ఈ సంగతి చెప్పినాడు. అక్కడ ఒకనాడు తరగతిలో నీటి పంపకం గురించి చర్చ వచ్చింది. "మీది కాలువల సీమ గదా, నీరు చాలని యేడు ఎగువ రైతుకూ దిగువ రైతుకూ మధ్య ఎట్లా పంచుకొంటారు?" అని తోటివారు అడిగినారు. ఇతడు కాలువగట్టున పుట్టి పెరిగినవాడే. ధవళేశ్వరం ఆనకట్ట కాటన్ దొరగారి ఆధ్వర్యంలో 1852లో పూర్తియైనదని మాత్రం చెప్పగలిగినాడు. ఆ తరువాత మాట పెగల్లేదు. తిరిగి వచ్చిన వారంలోనే ఒక పుస్తకం చేతబట్టుకొని లాకుల దగ్గరకు వెళ్ళినాడు. లస్కరును అడిగి, శివారు భూముల రైతులను అడిగి, వంతులవారీగా నీరు వదలడం, బోదెలగుండా చేలకు పారడం, మిగిలినది మురుగు కాలువలలో పడి సముద్రం చేరడం, అన్నీ వ్రాసుకొన్నాడు. తన ఊరిని అతడు మొదటిసారి చూచినది అప్పుడే.

అయిదు నెలలలో నేర్చేది ఇదే. శాస్త్రం పుస్తకాలలోనూ దొరుకుతుంది. మనకు సహజమని తోచినది మరొకరికి ప్రశ్న అవుతుందని తెలియడం మాత్రం అక్కడికి వెళితేనే గాని పట్టుబడదు. వినిమయం అంటే ఇచ్చిపుచ్చుకోవడం. ఇవ్వడానికి చేతిలో ఏమీ లేనివాడు పుచ్చుకొనేదీ తక్కువే.

అందుచేత ఆ తండ్రిగారికి మూడు మాటలు చెప్పినాను. పాఠాల సర్దుబాటు బయలుదేరకముందే రెండు విద్యాలయాలచేతా వ్రాతపూర్వకంగా ఒప్పించుకోండి. పొలం తాకట్టు పెట్టకండి. ఉపకార వేతనం, చేతిలోని సొమ్ము కలిపి చాలకపోతే ఈ ప్రయాణం మానుకొన్నా అమ్మాయి చదువుకు లోటు లేదు. ఇక, డిసెంబరులో బెర్లిన్ వంటి చోట మధ్యాహ్నం నాలుగు గంటలకే ప్రొద్దు క్రుంకుతుంది. ఆ చీకటిలో పిల్లకు ఇల్లు గుర్తు వస్తుంది. రోజూ గంటల తరబడి ఫోనులో కూర్చోబెట్టకండి. వారానికి రెండుసార్లు మాట్లాడి, మిగిలిన సాయంకాలాలు అక్కడివారితో గడపనివ్వండి. ఆవకాయ ఇచ్చి పంపితే, నలుగురికీ రుచి చూపించమని చెప్పండి.

ఉపకార వేతనం మంజూరయింది. రాకపోకలకు టికెట్లు తీసుకొన్నారు. అమ్మాయి గత ఆదివారం తండ్రివెంట లాకుల దగ్గరకు వెళ్ళి వచ్చింది. నాయనమ్మగారు తిరుగు ప్రయాణపు తేదీని అడిగి, గోడమీది క్యాలెండరులో పసుపుతో గుర్తు పెట్టుకొన్నారు.